కార్బన్ పెట్టని కాగితం

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇన్‌స్ట్రక్టరుగా చాలా ఏళ్ళు పనిచేశాను. నా దగ్గర నేర్చుకుని లోయరూ హయ్యరూ పరీక్షలు పాసై, కోర్టుల్లోనూ మండలాఫీసుల్లోనూ కుదురుకున్నవాళ్ళు అమలాపురం చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఎక్కడైనా కనిపిస్తే "మేడంగారూ, మీరు స్కేలుతో వేళ్ళమీద వేసిన దెబ్బలే మాకు అన్నం పెడుతున్నాయండీ" అంటారు. నేనూ గర్వంగా తలూపుతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటివాళ్ళ కోసం ఏదైనా రాయమని అడిగినప్పుడు అలాంటి కథే ఒకటి రాద్దామనుకున్నాను. తీరా కూర్చున్నాక కలం అటు పోలేదు. నేను ఒక వీడియో గేమ్ నేర్చుకున్న సంగతి రాయాలనిపించింది. నవ్వకండి. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు అందులోనే ఉంది.

తొంభైల చివరి మాట. మా ఇన్‌స్టిట్యూట్ కోర్టుకు వెళ్ళే రోడ్డులో ఒక మేడ మీద ఉండేది. మొత్తం ఇరవై రెండు మిషన్లు. పొద్దున్న ఆరింటి బ్యాచ్ మొదలైందంటే కింద టీకొట్టులో ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. యజమానిని అందరం ప్రిన్సిపాల్ గారనేవాళ్ళం. ఆయన ఏ కాలేజీకీ ప్రిన్సిపాల్ కాదు, టైపు నేర్పేచోట యజమానిని అలా పిలవడం ఆనవాయితీ, అంతే. ఆయన దగ్గర జీతానికి ఇద్దరమే ఉండేవాళ్ళం, నేనూ మెకానిక్ గారూ.

మెకానిక్ గారు పి.గన్నవరం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని మిషనుకు అతికించిన మనిషి కాబట్టి అక్షరాలన్నీ తెలుసు, వాటితో తయారయ్యే మాటలే తెలియవు. అంతకు కొన్నేళ్ళ ముందు పెద్ద తుఫాను వచ్చి మా రేకులు లేచిపోయినప్పుడు మిషన్లన్నీ రెండు రోజులు వానలో నానాయి. ప్రిన్సిపాల్ గారు గోడకానుకుని కూర్చుండిపోయారు. ఈయన మాత్రం మేడమీద గోనెపట్టాలు పరిచి, ఇరవై రెండు మిషన్లనూ ఊడదీసి, దేని భాగాలు దాని పట్టా మీదే ఆరబెట్టి, నూనె రాసి, నెల తిరక్కుండా అన్నిటినీ మళ్ళీ పలికించారు. ఒక్క స్క్రూ ఇంకో మిషనులోకి పోలేదు. ఆ తర్వాత నాకు జీతం వచ్చిందంటే ఆయన చలవే. ఈ మాట అప్పుడు నాకు తోచలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. రేపు హయ్యరు పరీక్ష రాయబోయేవాడైనా సరే, పొద్దున్న మిషను ముందు కూర్చోగానే మొదటి పాఠం ఒక పేజీ కొట్టాలి. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్. నిన్న ఎంతవరకు వచ్చావన్నది అనవసరం, ఇవాళ మళ్ళీ మొదటి వరస నుంచే. ఆ పద్ధతి పెట్టింది నేనే. దానివల్లే మా పిల్లల చేతులు తడబడవని ఊరంతా చెప్పుకునేదాన్ని.

ఇలా ఉండగా ప్రిన్సిపాల్ గారు హైదరాబాదులో బంధువుల ద్వారా నాలుగు కంప్యూటర్లు తెప్పించారు. టైపు మిషన్ల రోజులు అయిపోతున్నాయని ఆయనకి అర్థమైంది. మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేశారు.

"చూడండమ్మా, చూడవయ్యా. వేసవి సెలవుల్నుంచి కంప్యూటర్ సెక్షను మొదలెడతాను. మిషన్లు మెల్లిగా అమ్మేస్తాను. సెక్షనుకి ఒక మనిషి చాలు. ఇద్దర్నీ పోషించడం నావల్ల కాదు."

ఎవరా ఒకరు అన్నదానికి ఆయన పెట్టిన పరీక్ష మీకు విచిత్రంగా ఉంటుంది. కంప్యూటర్లతోపాటు ఒక ఆట సీడీ వచ్చింది. కత్తులూ, మంత్రాలూ, రాక్షసులూ ఉన్న ఒక రాజ్యం. అందులో మనం ఒక పాత్రని తయారుచేసుకుని, దాన్ని పెంచుకుంటూ ఊరూరా తిప్పాలి. దానికి స్పైరల్ బైండింగు చేసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. ఆయన లెక్క ఏమిటంటే, సెలవుల్లో కాన్వెంటు పిల్లల్ని మేడెక్కించాలంటే ఈ ఆట ఉండాలి, వాళ్ళకి నేర్పడానికి ఎవరో ఒకరికి వచ్చి ఉండాలి. "ఇంత పుస్తకం ఉన్న ఆటను పట్టినవాళ్ళు ఏ ప్రోగ్రామైనా పట్టేస్తారు. రెండు నెలలు టైమిస్తున్నాను. ఎవరు బాగా నేర్చుకుంటే వాళ్ళదే సెక్షను" అన్నారు.

నాకు భయం వేయలేదు. ఇంగ్లీషు రెండు స్పీడులూ పాసైనదాన్ని నేను, ఆయన స్క్రూడ్రైవరు పట్టుకునే మనిషి. పైగా పుస్తకం చదవడానికి ఆయనకి నేనే దిక్కు.

ఆయన కూడా దాపరికం లేకుండా అడిగారు. "మేడంగారూ, నాకు ఇంగ్లీషు చదవడం రాదు గదండీ. మీరు చదివి తెలుగులో కొట్టిపెడితే ఒక కాపీ నేనుంచుకుంటానండీ. మీకు తెలియంది ఏదన్నా నా చేతికి తగిలితే నేను చెప్తాను."

న్యాయమైన ఒప్పందమే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా బ్యాచులు ఉండవు. ఆ రెండు గంటలూ ఒకే కంప్యూటరు ముందు పక్కపక్కన కూర్చునేవాళ్ళం, గంట ఆయన, గంట నేను. పొద్దుటి పూట నేను పుస్తకంలో రెండు మూడు పేజీలు చదివి, డిక్షనరీ చూసి, తెలుగు మిషను మీద కొట్టేదాన్ని. పైకాగితం నాకు, కార్బన్ కాపీ ఆయనకి. ఆ కాపీలు ఆయన దారంతో కుట్టుకుని చొక్కాజేబులో మడిచి పెట్టుకునేవారు. బస్సులో చదువుకుంటూ వచ్చేవారట.

ఆ ఆట నేర్చుకోవడం మీరనుకున్నంత తేలిక కాదు. ముందు పాత్రకి కొన్ని మార్కులిస్తారు. బలానికి ఎన్ని, చురుకుదనానికి ఎన్ని, తెలివికి ఎన్ని, ఆయుష్షుకి ఎన్ని అని మనమే పంచాలి. నేను మంత్రగత్తెని ఎంచుకుని, నా స్వభావం కొద్దీ మార్కులన్నీ తెలివికి పోశాను. ఊరి బావి దగ్గర ఎలుక కరిస్తే చచ్చిపోయింది. ఆయన యోధుణ్ణి తీసుకుని అన్నిటికీ సమంగా పంచి, కాస్త చురుకుకి ఎక్కువ వేశారు. సంచికి బరువు లెక్క ఉంటుంది. దొరికిన ప్రతిదీ ఏరుకుంటే నడక మందగిస్తుంది. నేను గృహిణిని కదా, కనబడిన కుండా చెంబూ సంచిలో వేసుకుని అడుగు కదపలేక నిలబడేదాన్ని. ఆయన నవ్వాపుకుని "కుండలు దింపేయండి మేడంగారూ, అక్కడ మనకి కాపురం లేదు" అనేవారు.

అన్నిటికంటే కష్టం చేతులు. ఎడమచేత్తో నడవాలి, పరుగెత్తాలంటే చిటికెనవేలు ఇంకో కీ మీద ఉండాలి, పై వరస అంకెలు మంత్రాలకి, కుడిచేత్తో మౌసు తిప్పుతూ ఎదుటివాణ్ణి గురిచూడాలి. ఇన్నేళ్ళు ఏ వేలికి ఏ కీ అని పిల్లలకి నూరిపోసినదాన్ని, నా వేళ్ళు ఆ శిక్షణ దాటి రానన్నాయి. ఎదురుగా తోడేలు దూకుతుంటే నా చేతులు పద్ధతిగా మొదటి వరస మీదికి వెళ్ళి కూర్చునేవి. ఆయన ఎన్నడూ టైపు నేర్చుకోలేదు కాబట్టి ఆయనకి ఆ బెడద లేదు. పైగా ఏ కీ ఎంత నొక్కితే పలుకుతుందో తెలిసిన చెయ్యి. వారం రోజుల్లో ఆయన యోధుడు ఊళ్ళో తిరగడం చూస్తే ముచ్చటేసేది.

ఏటి మీద వంతెన దగ్గర రెండు తోడేళ్ళు కాపలా ఉండేవి. నేను పది రోజులు వాటికి ఆహారమయ్యాను. ఆయన ఒకరోజు చెప్పారు.

"అది పంజా ఎత్తినప్పుడు కొట్టకండి, మేడంగారూ. ఎత్తినప్పుడు ఎంత కొట్టినా తగలదు. దింపేక, ఓ క్షణం ఊరుకుంటుంది చూడండి, అప్పుడు కొట్టండి."

"పుస్తకంలో అలా లేదండీ" అన్నాను.

"ఆయ్. పుస్తకంలో ఉండదండీ. మూడొందల సార్లు చచ్చేక తెలిసింది నాకు."

ఆ మాటతోనే నేను వంతెన దాటాను. అదేరోజు ప్రిన్సిపాల్ గారు పైకి వచ్చి, మా వెనక నిలబడి కాసేపు చూసి, "ఏటయ్యా, మేడంగారికి నువ్వే నేర్పుతున్నావా?" అని ఆయన భుజం తట్టి వెళ్ళారు. నవ్వుతూనే అన్నారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, ఇంట్లో అవసరాలూ ఉన్నాయి, కాదనను. కానీ నిజం చెప్పుకోవాలంటే నన్ను కాల్చింది అది కాదు. ఏడో తరగతి మనిషి నాకు నేర్పుతున్నాడన్న మాట.

మర్నాడు పొద్దున్న చదివిన పేజీల్లో ఒక కొత్త సంగతి ఉంది. రెండు కీలు కలిపి నొక్కితే ఆట ఎంతవరకు వచ్చిందో కంప్యూటరు దాచిపెడుతుంది. మర్నాడు తెరిస్తే అక్కడి నుంచే సాగించవచ్చు. అప్పటిదాకా మా ఇద్దరికీ ఈ సంగతి తెలియదు. రోజూ కొత్తపాత్రని చేసుకుని, ఊరి బావి దగ్గర మొదలుపెట్టి, కరెంటు పోయినప్పుడో మూడింటి బ్యాచ్ వచ్చినప్పుడో వదిలేసేవాళ్ళం.

మిషనులో కాగితం పెట్టాను. కార్బన్ తీసి చూశాను. అరిగిపోయినట్టనిపించింది. కొత్తది బీరువాలో ఉంది, లేచి తెచ్చుకోవాలి. లేవలేదు. ఆ ఒక్క కాగితం కార్బన్ లేకుండా కొట్టి నా ఫైల్లో పెట్టుకున్నాను. తర్వాతి పేజీ మొదలుపెట్టేముందు లేచివెళ్ళి కొత్త కార్బన్ తెచ్చాను. మధ్యాహ్నం ఆయనకి మిగతా కాగితాలు ఇచ్చాను. నా కాగితాలకి వరస అంకెలు వేసే అలవాటు. ఆ రోజు నుంచి వేయడం మానేశాను. ఇంతకంటే వివరంగా చెప్పడానికి ఏమీ లేదు, ఆ పని చేసింది నేను.

నాలుగైదు రోజుల తర్వాత ఆయనే అడిగారు. వంతెన దాటి అడవి మొదట్లోకి వచ్చేసరికి టైము అయిపోయింది. కుర్చీ వెనక్కి జరుపుకుంటూ అన్నారు.

"మేడంగారూ, రోజూ మొదట్నుంచేనాండీ? నిన్నటిది పోతుందా?"

నేను నోరు తెరిచేలోపు ఆయనే సమాధానం చెప్పుకున్నారు. "మన ఎ ఎస్ డి ఎఫ్ లాగేనన్నమాట. రోజూ మొదటి వరస కొడితేగానీ చేతులు తిన్నగా రావనేగదండీ మీరు పిల్లలకి చెప్తారు. ఈ ఆట చేసినవాళ్ళూ అలాగే పెట్టుంటారు."

"ఆయ్, అంతేనండీ" అన్నాను.

ఆ తర్వాత నెలన్నర నేను చేసిన పని ఇదీ. మా ఇల్లు ఇన్‌స్టిట్యూట్‌కి రెండు వీధుల అవతల. తాళంచెవి నా దగ్గరే ఉండేది. పొద్దున్న ఐదింటికే వచ్చి గంటసేపు నా దాచుకున్న ఆట తెరిచి ముందుకు నడిచేదాన్ని. అడవి దాటాను, గుహలు దాటాను, కోట ఉన్న కొండెక్కాను. మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చున్నప్పుడు నేనూ ఏమీ ఎరగనట్టు బావి దగ్గర నుంచే మొదలుపెట్టేదాన్ని. ఆయన రోజూ అదే ఊళ్ళో, అదే కమ్మరి దగ్గర కత్తి కొని, అదే ముసలమ్మకి నీళ్ళు తోడిపెట్టి, అవే తోడేళ్ళని కొట్టేవారు. విసుగు లేదు. రోజూ కాస్త ముందు రోజుకంటే శుభ్రంగా ఆడాలని చూసేవారు. "ఊళ్ళో అందరూ మనవాళ్ళే అయిపోయేరండీ" అని నవ్వేవారు. ఒక్కోసారి చెప్పేద్దామా అనిపించేది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారేమోనని ఆగేదాన్ని. ఎన్ని రోజులు ఆగితే ఆ మాట అంత బరువెక్కింది.

గడువు ముగిసిన ఆదివారం పొద్దున్న ప్రిన్సిపాల్ గారు తెలిసినవాళ్ళ పిల్లల్ని ఒక పదిమందిని పిలిపించారు. ఇద్దరినీ చెరో గంట ఆడి చూపించమన్నారు. ముందు మెకానిక్ గారు కూర్చున్నారు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు.

ఆయన ఆట నేను ఇప్పటికీ మరిచిపోలేను. ఒక్క వృథా అడుగు లేదు. పిల్లలు పక్కపక్కన నిక్కి చూస్తున్నారు. వంతెన మీద రెండు తోడేళ్ళనీ ఒంటికి గీత పడకుండా పడగొట్టారు. గంట కావస్తుండగా అడవి అంచున నిలబడ్డారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"బాగుందయ్యా. తర్వాత?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఇంకా అంతవరకే అయిందండీ. ఇక్కడినించి కొత్తండి" అన్నారు ఆయన.

నేను కూర్చున్నాను. రెండు కీలు నొక్కాను, జాబితా వచ్చింది, అందులో చివరిది తెరిచాను. నా మంత్రగత్తె ఊదారంగు దుస్తుల్లో కొండమీద కోటగుమ్మం ముందు నిలబడి ఉంది. చేతిలో మెరుపులు. పిల్లలు కేకలేశారు. నేను ఆ గంటలో రెండుసార్లు చచ్చిపోయాను కూడా, ఐనా ఎవరూ పట్టించుకోలేదు, మళ్ళీ దాచినచోటు నుంచి తెరుచుకున్నాను. నా వెనకనుంచి ఆయన తెర మీదికి వంగి చూస్తున్నారని తెలుస్తోంది. వెనక్కి తిరగలేదు.

"రెండు నెలలూ ఆ ఒక్క ఊళ్ళోనే తిరిగేవేటయ్యా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. పిల్లల్లో ఒకరిద్దరు నవ్వారు. "ఆగినచోటు నించి మొదలెట్టొచ్చని మేడంగారు నీకు చెప్పలేదా?"

నేను చెప్పాల్సిన జవాబు అది. నేను మౌసు మీద చెయ్యి తీయకుండా తెరనే చూస్తున్నాను.

"చెప్పేరండీ" అన్నారు మెకానిక్ గారు. "నాకే తలకెక్కలేదు."

సెక్షను నాకిచ్చారు. ఆయన మరో పదిరోజులు వచ్చి, అమ్మకానికి పెట్టిన మిషన్లన్నీ శుభ్రం చేసి, ఆఖరిరోజు టూల్ పెట్టె పట్టుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేముందు నా టేబులు దగ్గరికి వచ్చి "వస్తానండీ" అన్నారు. నేను హాజరు పట్టీలో ఏదో రాస్తున్నట్టు తల వంచుకుని "మంచిదండీ" అన్నాను.

ఆ సెక్షనుకి ఇన్‌ఛార్జిగా నేను వెలిగింది రెండేళ్ళు కూడా లేదు. ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి, పిల్లలు అటు పోయారు, ప్రిన్సిపాల్ గారు మేడ ఖాళీ చేశారు. నేను కోర్టు ఎదుట జిరాక్సు షాపులో డీటీపీ పనికి చేరి, అక్కడే వేళ్ళు మొరాయించేదాకా పనిచేశాను. దేనికోసం అలా చేశానో అది నా దగ్గర నిలవనే లేదు. నిలిచి ఉంటే మాత్రం తప్పు ఒప్పయ్యేదా అంటే, అవదు.

ఆరేడేళ్ళు గడిచాక, మెకానిక్ గారు పి.గన్నవరంలో బస్సులు ఆగేచోట కుట్టుమిషన్ల రిపేరు షాపు పెట్టుకున్నారని విన్నాను. ఒకరోజు బస్సెక్కాను. క్షమించమని అడగడానికి ఉత్త చేతులతో వెళ్ళడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా ఇంట్లో కుట్టుమిషనుకి దారపు కండె పెట్టే బాబిన్ కేసు ఊడదీసి రుమాల్లో చుట్టుకుని వెళ్ళాను. దానికి ఏ లోపమూ లేదు.

చిన్న షాపు. జుట్టు నెరిసింది ఆయనకి. గుర్తుపట్టి లేచి స్టూలు తుడిచి వేశారు. "రండి మేడంగారూ, కూచోండి. పిల్లలు బాగున్నారా?" అన్నారు. బాబిన్ కేసు తీసుకుని వెలుగులో పెట్టి తిప్పి చూశారు. స్క్రూ కాస్త బిగించి, మళ్ళీ వదులు చేసి, నా చేతిలో పెట్టారు.

"దీనికేం లేదండీ. బాగానే ఉంది."

అప్పుడు చెప్పాను. కార్బన్ సంగతి, పొద్దున్న ఐదింటి సంగతి, అన్నీ. ఎలా మొదలుపెట్టానో తెలియదు గానీ మొదలుపెట్టాక ఆపలేదు. ఆ ఉద్యోగం మీకు రావాల్సింది, నేను లాక్కున్నాను అన్నాను. ఆయన ఎదురుగా ఉన్న మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని, రోడ్డువైపు చూస్తూ విన్నారు.

"ఉద్యోగం సంగతి వదిలేయండి" అన్నారు. "ఆ రోజే తెలిసిందండీ నాకు. నలుగురిలో ఆడమనిషిని ఏమంటాం. ఉద్యోగానిదేముంది, ఇది కాకపోతే ఇంకోటి. చెయ్యి ఉన్నవాడికి పని దొరుకుతుంది, దొరికింది కూడా."

క్షమించారనుకున్నాను.

ఆయన ఇటు తిరిగారు. గొంతు పెంచలేదు, మర్యాద తప్పలేదు.

"నెలన్నర రోజులండీ. రోజూ నేను ఆ బావి దగ్గర మొదలెడుతుంటే, మీరు పక్కనే కూచుని చూసేరు. ఇవాళ నిన్నటికంటే బాగా ఆడేరు అని మెచ్చుకునేవారు కూడా. నాకు అదొక్కటే ఇప్పటికీ అర్థం కాదండీ, ఎలా చూడగలిగేరని."

ఆయన జవాబు కోసం ఆగలేదు. పక్క హోటలువైపు చెయ్యెత్తి రెండు కాఫీలు చెప్పి, ముందున్న మిషను మీదికి వంగి పని చేసుకోసాగారు. కాఫీ వచ్చింది. నేను నాది తాగాను. బస్సు వచ్చేదాకా ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఆయన మళ్ళీ నావైపు చూడలేదు.